టార్గెట్ స్టాండు: ఇనుము ఎక్కువైతే బలం ఎక్కువా?

వెల్డింగ్ నా వృత్తి, గురిచూసి కాల్చడం నా సరదా. సొంతంగా టార్గెట్ స్టాండు, అంటే గురి అట్టను నిలబెట్టే చట్రం, చేసుకోవాలనుకునేవారు నన్ను మొదట అడిగేది దాదాపు ఎప్పుడూ ఒకటే: "ఎంత మందం ఇనుము వాడాలి?" సగం అపోహలు ఆ ప్రశ్నలోనే ఉన్నాయి. కాళ్లు ఎంత చాచాలి, తూటా ఎక్కడ తగులుతుంది, తగిలాక ఎటు పోతుంది అన్నవి ముందు తేల్చుకోవాలి. మందం సంగతి ఆ తర్వాతే.

అపోహ: బరువైన స్టాండే గట్టి స్టాండు.

కాగితం టార్గెట్ స్టాండును పడగొట్టేది తూటా కాదు, గాలి. తూటా అట్టను చీల్చుకుని వెళ్లిపోతుంది, స్టాండుకు ఆ సంగతే తెలియదు. గాలి మాత్రం అట్టను తెరచాపలా పట్టుకుంటుంది. ఐపీఎస్‌సీ (ప్రాక్టికల్ షూటింగ్ అంతర్జాతీయ సంఘం) పోటీల్లో వాడే అట్ట సుమారు 45 సెం.మీ. వెడల్పు, 57 సెం.మీ. ఎత్తు ఉంటుంది. గంటకు 36 కిలోమీటర్ల వేగంతో వీచే గాలి దాన్ని దాదాపు 2 కిలోల బరువంత బలంతో తోస్తుంది. అట్ట మధ్యభాగం నేలకు 1.4 మీటర్ల ఎత్తున ఉండి, కాళ్లు ముందుకూ వెనక్కూ 30 సెం.మీ. చొప్పున మాత్రమే చాచి ఉంటే, పడకుండా నిలవడానికి స్టాండు 9 కిలోలకు పైగా తూగాలి. అవే కాళ్లను 50 సెం.మీ.కు చాస్తే ఐదున్నర కిలోలు దాటితే చాలు. గాలి వేగం రెట్టింపైతే తోపు నాలుగు రెట్లవుతుంది. అప్పుడు ఎలాగూ కాళ్ల మీద ఇసుక సంచి వేయక తప్పదు. కాబట్టి మందపాటి ఇనుము మోసుకు తిరగడం కన్నా పొడుగు కాళ్లు, ఖాళీ సంచి తీసుకెళ్లడం నయం. ఇసుక ఎక్కడైనా దొరుకుతుంది.

అపోహ: మొత్తం లోహంతో చేస్తే కలకాలం ఉంటుంది.

నా మొదటి స్టాండు ఇలాంటిదే. పైనుంచి కిందిదాకా గుండ్రటి పైపు, చూడముచ్చటగా ఉండేది. వారం తిరగకముందే ఒక తూటా పైపు అంచుకు తగిలింది. కొద్ది దూరంలో, పక్కగా పెట్టిన నీళ్ల డబ్బా నుంచి సన్నటి ధార కారడం మొదలైంది. ఖాళీ చేసి దులిపితే గోరంత రాగి తునక బయటపడింది. తూటా పైతొడుగు ముక్క అది. డబ్బా ఉన్నచోట మనిషి లేకపోవడం నా అదృష్టం.

అప్పటినుంచి నా పద్ధతి మారింది. తూటా తగిలే అవకాశం ఉన్న ఎత్తులో కర్ర, నేల దగ్గర ఇనుము. అట్టను పట్టి ఉంచే నిలువు బద్దలు రెండూ కర్రవే. విరిగితే పారేసి కొత్తవి పెట్టుకుంటాను. వాటిని నిలబెట్టే సాకెట్లు మాత్రం స్క్వేర్ పైపుతో చేస్తాను. ఇక్కడే చాలామంది తప్పు చేస్తారు. 40 మి.మీ. పైపు, గోడ మందం 2 మి.మీ. అయితే లోపల 36 మి.మీ. ఉంటుందని లెక్కకట్టి, బద్దను సరిగ్గా అంతే చీరిస్తారు. పైపు లోపల పొడవునా అతుకు గీత ఒకటి ఉబ్బెత్తుగా ఉంటుంది. వేలు పెట్టి తడిమితే తెలుస్తుంది. బద్ద దానికి పట్టేస్తుంది. పట్టకపోయినా, వానకు తడిసి ఉబ్బాక సుత్తితో కొట్టినా బయటికి రాదు. నేను 34 మి.మీ.కు మించనివ్వను. మిగిలిన వదులును ఒక పక్కన వెల్డ్ చేసిన నట్టులోంచి బోల్టు బిగించి తీసేస్తాను. సాకెట్ అడుగు మూయకండి, నీరు కిందికి పోవాలి.

అపోహ: ఎల్ ఆకారపు ఇనుప యాంగిల్ ముక్కును కాల్చేవారివైపు తిప్పి పెడితే తూటా పక్కకు జారిపోతుంది, ఫ్రేముకు దెబ్బ ఉండదు.

జారిపోతుంది, నిజమే. పక్క వరుసలో నిలబడ్డవారి వైపు.

అపోహ: మిగిలిపోయిన మందపాటి ఇనుప పలక ఉంటే దాన్నే టార్గెట్‌గా వేలాడదీయవచ్చు.

ఈ ఒక్కటి మానేయండి చాలు. మామూలు మైల్డ్ స్టీలు మెత్తన. రైఫిల్ తూటా దానిమీద గిన్నెలాంటి గుంత చేస్తుంది. గుంత అంచు మీద బొటనవేలు ఆనిస్తే పైకి లేచి బయటికి వంగినట్టు తెలుస్తుంది. తర్వాతి తూటా ఆ గుంతలో పడితే, దాని తునకలు గుంత వంపును పట్టుకుని వచ్చిన దారినే వెనక్కి తిరుగుతాయి. గట్టిపరచిన ఉక్కు అలా గుంతపడదు. ఏఆర్500 రకం కాఠిన్యం బ్రినెల్ కొలతలో 500 దరిదాపుల్లో ఉంటుంది, మైల్డ్ స్టీలుది 150 అటూఇటూ. నున్నటి గట్టి పలక మీద తూటా చితికి, తునకలు పలక ముఖాన్ని అంటిపెట్టుకున్నట్టు చుట్టూ పరుచుకుంటాయి. అందుకే పలక పైభాగాన్ని కాల్చేవారివైపు 20 డిగ్రీల మేర వంచి వేలాడదీస్తే, ఎక్కువ భాగం నేలకే పోతుంది.

అయినా దూరం పాటించాలి. ఐపీఎస్‌సీ పిస్టల్ పోటీల నియమం ప్రకారం లోహపు టార్గెట్‌కు, కాల్చేవారికి మధ్య కనీసం 7 మీటర్లు ఉండాలి. సాధనలో పిస్టల్‌కు 10 మీటర్లు, శక్తివంతమైన తూటాలు పేల్చే సెంటర్‌ఫైర్ రైఫిల్‌కు 100 గజాలు తగ్గకుండా చూసుకోండి. ఉక్కు గుండె ఉన్న తూటాలు అసలే వద్దు. కళ్లద్దాలు కాల్చేవారికే కాదు, చూసేవారికీ ఉండాలి. పలక ఉంది కదా అని వెనక మట్టిగట్టు మానేయకండి, గురి తప్పడం అందరికీ జరిగేదే.

అపోహ: పలకను ఫ్రేముకు వెల్డ్ చేస్తే కదలదు, అదే బలం.

గట్టిపరచిన ఉక్కుకు వెల్డింగ్ వేడి శత్రువు. అతుకు చుట్టూ ఉన్న భాగం కాఠిన్యం కోల్పోతుంది, ఇక గుంతలు అక్కడే పడతాయి. గ్యాస్ కటింగ్‌తో రంధ్రం చేసినా అంతే. రంధ్రాలు ముందే వేయించిన పలక కొని, గుండ్రటి తల ఉన్న బోల్టులతో, గొలుసుకో రబ్బరు బెల్టు ముక్కకో వేలాడదీయండి. కదలనివ్వండి. దెబ్బ మరీ పెద్దదేమీ కాదు: సెకనుకు 350 మీటర్ల వేగంతో వచ్చే 8 గ్రాముల తూటా తోపు, గంటకు 63 కిలోమీటర్ల వేగంతో విసిరిన క్రికెట్ బంతి తోపుతో సమానం. పలక ఊగితే ఆ తోపు ఊపులో అరిగిపోతుంది. బిగించేస్తే ప్రతి దెబ్బా అతుకుల మీదే పడుతుంది.

అపోహ: ఎయిర్‌గన్ బొమ్మ తుపాకీ, దానికి ఏ పలకైనా ఫర్వాలేదు.

సీసపు పెల్లెట్ చితికిపోతుంది. ఉక్కు బీబీ గుండ్లు చితకవు, ఉన్న ఆకారంలోనే ఎగిరి తిరిగివస్తాయి. వాటికి లోహపు టార్గెట్ వద్దే వద్దు.

అపోహ: జీఐ పైపు (జింకు పూత వేసిన ఇనుప పైపు) వెల్డ్ చేసేముందు పాలు తాగితే పొగ ఏమీ చేయదు.

ఈ మాట నాకు పని నేర్పిన పెద్దాయనే చెప్పారు, నేనూ కొన్నాళ్లు తాగాను. పాలు కడుపులోకి వెళ్తాయి, పొగ ఊపిరితిత్తుల్లోకి వెళ్తుంది. జింకు 907 డిగ్రీల సెల్సియస్ దగ్గరే మరుగుతుంది, ఆర్క్ వేడికి తెల్లటి పొగై లేస్తుంది. పీలిస్తే కొన్ని గంటల తర్వాత చలిజ్వరం పట్టుకుంటుంది. అతుకు పడేచోట పూతను గ్రైండర్‌తో తీసేసి, మాస్కు పెట్టుకుని, ఆరుబయట చేయండి. పూత లేని నల్ల పైపు దొరికితే ఈ తంటానే లేదు.

ఇక పలక కింద పేరుకునే బూడిదరంగు పొడిలో సీసం ఉంటుంది. దాన్ని పొడి చీపురుతో ఊడవకుండా తడిపి తీయండి. చేతులు సబ్బుతో కడుక్కున్నాకే మంచినీళ్ల సీసా ముట్టుకోండి.