విజయా వారి నుంచి జక్కన్న దాకా: గొప్ప దర్శకుడెవరు అనే గొడవ వెనక కథ

మొన్న సంక్రాంతికి భోజనాలయ్యాక మా ఇంట్లో ఎప్పటి గొడవే మళ్లీ మొదలైంది. తెలుగులో టాప్ ఫైవ్ డైరెక్టర్లు ఎవరు? జక్కన్న అని అందరూ పిలిచే రాజమౌళి పేరు ముందు రాసేసి, ఆ తర్వాత మిగతా నలుగురి సంగతి చూద్దామన్నాడు తమ్ముడు. విశ్వనాథ్ గారు లేని లిస్టు అసలు చెల్లదంది అక్క. ఎనభై దాటిన పెద్దనాన్న చేతికి ఒక పాత శుభలేఖ, పెన్ను ఇచ్చాం. ఆయన కళ్లజోడు సర్దుకుని, దాని వెనక ఒకటో నంబరు పక్కన ‘విజయా వారు’ అని రాశారు. అందరం ఘొల్లుమన్నాం. ‘అది కంపెనీ పేరు పెద్దనాన్నా, డైరెక్టర్ పేరు రాయమంటే!’ ఆయన మాత్రం దిద్దలేదు.

తర్వాత తీరిగ్గా ఆలోచిస్తే తప్పు మాదేననిపించింది. ఆయన సినిమాలు చూసిన రోజుల్లో సినిమా తీసినవాళ్లంటే నిర్మాతలే. పోస్టరు మీదైనా, పేపర్లో ప్రకటనైనా ‘విజయా వారి మిస్సమ్మ’, ‘అన్నపూర్ణ వారి తోడికోడళ్ళు’ అనే వరస. ఆ ‘వారి’ అనే చిన్న మాట నిర్మాతను వదిలి దర్శకుడి పక్కకి రావడానికి చాలా ఏళ్లు పట్టింది. అది వచ్చాకే ఈ ర్యాంకుల గొడవకు అర్థం ఏర్పడింది.

మొదటి తెలుగు టాకీ ‘భక్త ప్రహ్లాద’ తీసిన హెచ్.ఎం.రెడ్డిని ఇవాళ ఎవరూ టాప్ టెన్‌లో వేయరు. ఆ సినిమా గురించి జరిగిన వాదన కూడా విడుదల తేదీ మీదే: 1931 సెప్టెంబరు 15 అని ఏళ్ల తరబడి రాసుకున్నాం, పరిశోధన తర్వాత 1932 ఫిబ్రవరి 6 అని తేలింది. ‘మాలపిల్ల’ (1938), ‘రైతుబిడ్డ’ (1939) తీసిన గూడవల్లి రామబ్రహ్మం పేరు మాత్రం పాతతరం విమర్శకుల నోట తరచూ వినపడుతుంది. అంటరానితనం మీద ఒకటి, జమీందార్ల మీద ఒకటి, ఏడాది తేడాలో తీసిన మనిషి. ఆ సినిమాలు పెద్దగా ఎవరూ చూడరు కాబట్టి ఓట్లు పడవు. లిస్టులకు ఇదొక జబ్బు, చూసినవాటికే మార్కులు.

అసలు పోటీ 1951లో మొదలైందని నా లెక్క. ఆ ఏడాది మార్చిలో ‘పాతాళభైరవి’ వచ్చింది, డిసెంబరులో ‘మల్లీశ్వరి’ వచ్చింది. రెండూ మద్రాసు వాహినీ స్టూడియోలో తయారైనవే. రెండింట్లో హీరో ఎన్టీ రామారావే. మొదటిదానికి దర్శకుడు కె.వి.రెడ్డి, రెండోదానికి బి.ఎన్.రెడ్డి. పైగా కె.వి. అంతకుముందు బి.ఎన్. దగ్గర ప్రొడక్షన్ వ్యవహారాలు చూసిన మనిషి. జనం ‘పాతాళభైరవి’కి ఎగబడ్డారు. ‘మల్లీశ్వరి’కి ఆ స్థాయి వసూళ్లు రాలేదు గానీ, చూసినవాళ్లు దాన్ని గుండెల్లో పెట్టుకున్నారు. తోటరాముడి సాహసం గొప్పదా, నాగరాజు విరహం గొప్పదా? పేర్లు మార్చుకుంటూ మనం ఇప్పటికీ అదే వాదించుకుంటున్నాం.

బి.ఎన్. జీవితం మొత్తం మీద తీసినవి డజను సినిమాలు కూడా ఉండవు. 1974 సంవత్సరానికి దాదాసాహెబ్ ఫాల్కే పురస్కారం ఆయనకు దక్కింది, దక్షిణాది నుంచి మొదటివారు ఆయనే. కె.వి.కి ఫాల్కే రాలేదు, 1972లోనే పోయారు. అవార్డుల లెక్కన చూస్తే బి.ఎన్. పైన. జనం నోట నానే డైలాగుల లెక్కన చూస్తే కె.వి. ఎక్కడో పైన. ఏ లెక్క తీసుకోవాలో ముందు తేల్చుకోకుండా వాదనకు దిగడం మన అలవాటు.

ఇక్కడ పెద్దనాన్న మాటకు బలం ఉంది. విజయా సంస్థలో ‘మిస్సమ్మ’ తీసింది ఎల్.వి.ప్రసాద్, ‘మాయాబజార్’ తీసింది కె.వి.రెడ్డి, ‘గుండమ్మ కథ’ తీసింది కమలాకర కామేశ్వరరావు. దర్శకులు ముగ్గురైనా ఆ హాస్యం, ఆ మర్యాద, ఎవరినీ మరీ చెడ్డవాళ్లుగా చూపించని ఆ తీరు ఒకటే. ఎందుకంటే వెనక విజయా నిర్మాత చక్రపాణి ఉన్నారు. కథ ఆయన ముందు నిలబడాల్సిందే. ఆ సినిమాలు ఎవరివి అంటే ‘విజయా వారివి’ అనడం కంటే సరైన జవాబు నాకైతే దొరకదు.

‘మాయాబజార్’ (1957) సంగతే చూడండి. అందులో ‘వివాహ భోజనంబు’ పాట వచ్చినప్పుడు ఇప్పటికీ పిల్లలు కళ్లప్పగించి చూస్తారు. లడ్డూలు వాటంతటవే లేచి ఘటోత్కచుడి నోట్లోకి వెళ్తాయి. ఆ మూడు నాలుగు నిమిషాల్లో ఎవరి వాటా ఎంత? పాట మూలం సురభి నాటకాలది. గొంతు మాధవపెద్ది సత్యంది. కెమెరా మాయ మార్కస్ బార్ట్‌లీది. ఆ బొజ్జ నిమురుకోవడం, ఆ నవ్వు ఎస్వీ రంగారావువి. మాటలు పింగళి నాగేంద్రరావువి. శశిరేఖా పరిణయం కథ వ్యాసుడి భారతంలో లేదు, తెలుగువాళ్లు కల్పించుకున్నది. అదే కథ అప్పటికే 1936లో ఒకసారి తెర మీదికి వచ్చింది కూడా. మరి కె.వి. ఏం చేశారు? స్టాప్‌వాచ్ పట్టుకుని ఏ సీను ఎంతసేపు ఉండాలో కాగితం మీదే తేల్చుకునేవారు. పాండవులు ఒక్కసారైనా కనపడకుండా పాండవుల ఇంటి పెళ్లి కథ చెప్పారు. ఏది వద్దో తేల్చడం కూడా దర్శకుడి పనే. దానికి మార్కులు వేయడం కష్టం, ఎందుకంటే తీసేసింది తెర మీద కనపడదు.

మనవాళ్లు ఇలా ‘వారి’ సినిమాలు చూస్తున్న కాలంలోనే ఫ్రాన్సులో మరో వాదన పుట్టింది. 1954లో ఫ్రాన్స్వా త్రుఫో అనే కుర్ర విమర్శకుడు తమ దేశపు పేరున్న సినిమాల మీద విరుచుకుపడ్డాడు. అవి రచయితల చేతి పని, దర్శకుడు వాటికి బొమ్మలు అతికిస్తున్నాడంతే అన్నాడు. సినిమాకు కర్త దర్శకుడే కావాలన్న ఆలోచన అక్కడి నుంచి బలపడింది. అమెరికాలో ఆండ్రూ శారిస్ దాన్ని అందుకుని, 1968లో హాలీవుడ్ దర్శకులను అరలు అరలుగా విడదీసి పుస్తకమే వేశాడు. పై అరలో ఎవరు, కింది అరలో ఎవరు అని అక్కడ జరిగిన కొట్లాట మన హీరోల అభిమానుల కొట్లాటకు ఏమాత్రం తీసిపోదు. పాలిన్ కేల్ అనే విమర్శకురాలు శారిస్‌ను మామూలుగా ఉతకలేదు.

లండన్ పత్రిక ‘సైట్ అండ్ సౌండ్’ 1952 నుంచి పదేళ్లకోసారి విమర్శకుల చేత గొప్ప సినిమాలకు ఓట్లు వేయిస్తోంది. 1962 నుంచి 2002 దాకా ‘సిటిజన్ కేన్’ కదలకుండా కూర్చుంది. 2012లో హిచ్‌కాక్ ‘వర్టిగో’ దాన్ని దింపింది. 2022లో షాంతాల్ ఆకర్మన్ అనే మహిళ తీసిన ‘జాన్ దీల్మన్’ మొదటి స్థానానికి వచ్చింది. ఈ మధ్యలో ఆ సినిమాల్లో ఒక్క ఫ్రేము మారలేదు. ఓటు వేసేవాళ్ల సంఖ్య పెరిగింది, వాళ్లు మారారు, వాళ్ల అభిరుచి మారింది.

తెలుగులో ఈ మార్పు సిద్ధాంతాలతో రాలేదు, టైటిల్ కార్డుతో వచ్చింది. దాసరి నారాయణరావు 1970లలో కథ, మాటలు, స్క్రీన్‌ప్లే, దర్శకత్వం అని వరసగా తన పేరు కిందే వేసుకోవడం మొదలుపెట్టారు, అప్పుడప్పుడు పాటలు కూడా. పోస్టరు మీద ఆయన పేరు మబ్బు బొమ్మలో ఉండేది. పెద్ద హీరో లేకపోయినా ఆ మబ్బును చూసి టికెట్ కొన్నవాళ్లు ఉన్నారు. ‘దాసరి సినిమా’ అనే మాట జనంలోకి వచ్చేసింది. ఆయన నూట యాభై దాకా సినిమాలు తీశారు. పుట్టినరోజు మే 4ను తెలుగు పరిశ్రమ దర్శకుల దినోత్సవంగా జరుపుకుంటుంది. ఇంత చేసినా కుర్రాళ్ల లిస్టుల్లో ఆయన పేరు కిందికి జారిపోతోంది. ఏడుపులు, ఉపన్యాసాలు ఎక్కువని వాళ్ల ఫిర్యాదు. నాకూ కొంత నిజమే అనిపిస్తుంది గానీ, ‘శివరంజని’ చూశాక ఆ మాట అంత తేలిగ్గా రాదు.

అదే కాలంలో కె.రాఘవేంద్రరావు ‘అడవిరాముడు’ (1977)తో ఇంకో కొలమానం తెచ్చారు. ఎన్ని రోజులు ఆడింది, ఎన్ని సెంటర్లలో ఆడింది, ఎంత వసూలు చేసింది. ఆయన పాటల్లో పళ్లూ పూలూ అని నవ్వుకునేవాళ్లం కూడా ‘అన్నమయ్య’ (1997) దగ్గర ఆగిపోతాం. ఒకే మనిషిని ఏ నంబరులో పెట్టాలో తెలియక తికమకపడతాం.

1980 ఫిబ్రవరి 2న ‘శంకరాభరణం’ వచ్చింది. అందులో స్టార్ లేడు, ఫైట్లు లేవు. తెల్లజుట్టు జె.వి.సోమయాజులు కథకు నాయకుడు. మొదట్లో పలచగా ఉన్న హాళ్లు తర్వాత నిండాయి. హీరో గొప్పదనం అనడానికి వీల్లేదు కాబట్టి ఘనత దర్శకుడి వైపు వెళ్లక తప్పలేదు. కె.వి.మహదేవన్, వేటూరి, బాలు లేకుండా ఆ సినిమా ఏమయ్యేదని అడిగేవాళ్లు అప్పుడూ ఉన్నారు, ఇప్పుడూ ఉన్నారు. అయినా కె.విశ్వనాథ్ పేరు ఆ రోజు నుంచి ‘గారు’ లేకుండా పలికినవాళ్లు తక్కువ. 2016 సంవత్సరానికి ఆయనకు ఫాల్కే ఇచ్చారు. 2023లో ఆయన కన్నుమూసింది కూడా ఫిబ్రవరి 2నే. అక్క ఆ సంగతి చెప్పేటప్పుడు గొంతు మారుతుంది.

1989 అక్టోబరులో ‘శివ’ వచ్చింది. అప్పటిదాకా డైరెక్టర్ గురించి మాట్లాడితే కథ, సెంటిమెంటు, పాటలు. శివ సైకిల్ చైన్ లాగిన రోజు నుంచి కాలేజీ కుర్రాళ్లు కెమెరా గురించి, సౌండ్ గురించి, నిశ్శబ్దం గురించి మాట్లాడటం మొదలుపెట్టారు. కుదుపు లేకుండా కదులుతూ షాట్ తీసే స్టెడీక్యామ్ అనే మాట మా ఊరి టీ కొట్టు దాకా వచ్చింది. చిన్నప్పుడు మా టౌన్లో హాలు మొత్తం ఈలలు వేసేది హీరో పేరుకే. టైటిల్స్‌లో చివరగా దర్శకుడి పేరు పడితే ‘హమ్మయ్య, ఇక సినిమా మొదలు’ అని సర్దుకుని కూర్చునేవాళ్లం. దర్శకుడి కార్డుకు ఈల నేను మొదట విన్నది ‘శివ’ తీసిన రాంగోపాల్ వర్మ పేరుకే. అందరూ ఏకవచనంలో ‘వర్మ సినిమా’ అన్నారు. ‘వారి’ పోయింది, ‘గారు’ కూడా పోయింది. అది అమర్యాద కాదు, హీరోను పిలిచినంత చనువుగా పిలవడం. ఇవాళ పూరి, త్రివిక్రమ్, సుక్కు (సుకుమార్) అనుకోవడం దాని కొనసాగింపే.

ఈ లోపు లెక్కలూ పెరిగాయి. వందరోజుల సెంటర్లు పోయి షేరు (పంపిణీదారుకు మిగిలేది), గ్రాస్ (మొత్తం టికెట్ల వసూళ్లు) వచ్చాయి, ఆ తర్వాత అమెరికా ప్రీమియర్ల డాలర్లు వచ్చాయి. గొప్పవాళ్లెవరో తేల్చడం పరిశ్రమకే చేతకాలేదు. 2007లో తెలుగు సినిమా వజ్రోత్సవాల వేదిక మీద ‘లెజెండ్’ అనే ఒక్క మాట మీద పెద్ద రగడ జరిగి, చివరికి చిరంజీవి ఆ పురస్కారాన్ని టైమ్ క్యాప్సూల్‌లో (ముందు తరాల కోసం దాచే పెట్టెలో) వేసేశారు. 2013లో భారతీయ సినిమాకు నూరేళ్లయిన సందర్భంగా ఒక ఇంగ్లిష్ వార్తా చానల్ ఓటింగ్ పెడితే, వంద సినిమాల్లో ‘మాయాబజార్’ అన్నిటికంటే గొప్ప భారతీయ చిత్రంగా గెలిచింది. దానికి మూడేళ్ల ముందే రంగులద్ది మళ్లీ విడుదల చేశారు, కుర్రాళ్లు హాల్లో చూశారు. ఆ ఓట్లలో ఆ రంగుల వాటా ఎంతో ఎవరు చెప్పగలరు?

రాజమౌళి దగ్గరికి వచ్చేసరికి పోస్టరు మీద ఆయన ముద్రే ఒక స్టాంపు. 2001లో ‘స్టూడెంట్ నెం.1’కు రాఘవేంద్రరావు దర్శకత్వ పర్యవేక్షణ కింద మొదలైన మనిషి, 2022లో ‘ఆర్ఆర్ఆర్’కి న్యూయార్క్ విమర్శకుల సంఘం నుంచి ఉత్తమ దర్శకుడయ్యారు. ‘ఈగ’తో హీరో లేకుండా కూడా సినిమా నిలబెట్టగలనని అంతకుముందే చూపించారు. తమ్ముడు అక్కడితో కేసు మూసేశాడు. నేను ఊరుకోలేక, కథలు విజయేంద్రప్రసాద్‌వి, సంగీతం కీరవాణిది, కెమెరా సెంథిల్‌ది, మరి జక్కన్న ఒక్కడేనా శిల్పి అన్నాను. ‘అయితే మాయాబజార్ కూడా బార్ట్‌లీదే’ అన్నాడు వాడు. దెబ్బకి దెబ్బ.

ఆ శుభలేఖ వెనక రాత్రికి పద్నాలుగు పేర్లు చేరాయి, అందులో ఆడపేరు ఒక్కటీ లేదు. అది గమనించింది ఇంటర్ చదువుతున్న మేనకోడలు. భానుమతి 1953లోనే ‘చండీరాణి’ని మూడు భాషల్లో డైరెక్ట్ చేశారు. సావిత్రి 1968లో ‘చిన్నారి పాపలు’ తీశారు. విజయనిర్మల నలభై నాలుగు సినిమాలతో గిన్నిస్‌కెక్కారు. ‘సినిమాల లెక్క చూసి దాసరి గారిని వేశారుగా, మరి ఈవిడ?’ అని అడిగింది. ఎవరమూ నోరు మెదపలేదు.

‘దాసి’ తీసిన బి.నర్సింగరావు పేరూ లేదు. తెలంగాణ గడీలో, అంటే దొర ఉండే కోటలాంటి ఇంట్లో, ఒక దాసి బతుకును దాదాపు మాటలు లేకుండా చూపించిన సినిమా అది, 1988 సంవత్సరపు జాతీయ అవార్డుల్లో ఐదు తెచ్చుకుంది. మా ఇంట్లో అది చూసింది నేనొక్కడినే. సింగీతం శ్రీనివాసరావును ఏడో స్థానంలోకి తోశారు. ‘మాయాబజార్’కు కె.వి. దగ్గర పనిచేసి, మాటల్లేని ‘పుష్పక విమానం’ తీసి, ‘ఆదిత్య 369’ తీసి, తొంభై ఏళ్ల దరిదాపుల్లో ‘కల్కి 2898 ఏడీ’ బృందానికి సలహాలు చెప్పిన మనిషిని! నేను గట్టిగా అరిస్తే ఐదుకి తెచ్చారు.

శుభలేఖ ఇప్పుడు నా దగ్గరే ఉంది. కొట్టివేతలతో సగం కనపడదు. ఒకటో నంబరు దగ్గర మాత్రం ‘విజయా వారు’ అలాగే ఉంది, దాని పక్కన మేనకోడలు ఎర్ర పెన్నుతో ఒక ప్రశ్నార్థకం పెట్టింది.