పొడి డబ్బాల గురించి మీకో ఉత్తరం

పిల్లలూ,

ఫోన్లో ముగ్గురూ ఒకేసారి మాట్లాడేసరికి ఎవరికీ సరిగ్గా జవాబు చెప్పలేకపోయాను. ఆకుపచ్చ పొడి తాగితే కండ పడుతుందా అని పెద్దవాడు, జుట్టు ఊడకుండా ఏ మాత్ర మంచిదని నడిపిది, పరీక్షల టెన్షన్‌కి అశ్వగంధ వేసుకోవచ్చా అని చిన్నవాడు. మూడూ ఒకే తీరు ప్రశ్నలు కాబట్టి తీరిగ్గా కూర్చుని రాస్తున్నాను. నేను డాక్టర్ని కాను, జీవరసాయన శాస్త్రం పాఠాలు చెప్పి రిటైరైనదాన్ని. ఇందులో వైద్యం వెతక్కండి. ఆ పొడి కడుపులోకి వెళ్ళాక దాని సంగతేమవుతుందో మాత్రం నాకు తెలిసినంత చెబుతాను.

పసుపుతో మొదలుపెడతాను. దాని రంగుకీ, మందుగా దానికొచ్చిన పేరుకీ కారణం కర్క్యుమిన్ అనే పదార్థం. ఎండిన పసుపులో అది నూటికి సుమారు మూడు పాళ్ళే ఉంటుంది. పైగా అది నీళ్ళలో కరగదు. పేగు గోడ దాటి లోపలికి వెళ్ళేది కొంచెం, ఆ కాస్తనీ కాలేయం వెంటనే పట్టుకుని బయటికి సాగనంపుతుంది. 1998లో ఒక పరిశోధన చేశారు. మనుషులకు 2 గ్రాముల కర్క్యుమిన్ విడిగా ఇస్తే రక్తంలో దాని జాడ దాదాపు కనిపించలేదు. దాంతోపాటు మిరియాల్లో ఉండే పైపరిన్ 20 మిల్లీగ్రాములు కలిపి ఇస్తే, ఒంటపట్టింది 20 రెట్లు పెరిగింది. అప్పటినుంచి పసుపు మాత్రల్లో మిరియాల సారం కలపడం ఆనవాయితీ అయిపోయింది.

వినడానికి బాగానే ఉంది కదా. అయితే పైపరిన్ చేసిన పనేమిటి? కాలేయం గేటు దగ్గర వాచ్‌మన్‌లా నిలబడి, వచ్చిన ప్రతి రసాయనాన్నీ ఆపి సోదా చేస్తుంది. పైపరిన్ ఆ వాచ్‌మన్‌ని కాసేపు మాటల్లో పెడుతుంది. ఆ సందులో కర్క్యుమిన్ ఒక్కటే లోపలికి పోతుందని రూలేమీ లేదు. అదే సమయానికి వేసుకున్న బీపీ మాత్రో, ఫిట్స్ మాత్రో కూడా మామూలుకన్నా ఎక్కువ మోతాదులో రక్తంలో చేరవచ్చు. బాగా ఒంటపట్టేలా తయారుచేసిన పసుపు మాత్రలు వాడినవాళ్ళలో కొందరికి కాలేయం దెబ్బతిన్న కేసులు ఇటలీలోనూ అమెరికాలోనూ నమోదయ్యాయి. అలాంటివాళ్ళు తక్కువే. మాత్ర ఆపేయగానే చాలామంది కోలుకున్నారు కూడా. కానీ వంటలో చిటికెడు పసుపు వేసుకునేవాళ్ళకి ఆ భయమే అక్కర్లేదు.

నేను మీకు చెప్పదలచుకున్నదంతా ఇక్కడే ఉంది. చెంచాలో ఉన్నప్పుడు ఆహారంగా ఉన్నదే, సారం తీసి మాత్రలో నింపితే మందు మోతాదుకి చేరుతుంది. అప్పుడు దాన్ని మందును చూసినట్టే చూడాలి. ఆకు నుంచి వచ్చింది కదా, ఏం చేస్తుందిలే అనుకోకూడదు.

దీనికి క్యారెట్ కథకి మించిన సాక్ష్యం నాకు తెలియదు. ఆకుకూరలూ క్యారెట్లూ బాగా తినేవాళ్ళకి ఊపిరితిత్తుల క్యాన్సర్ తక్కువగా వస్తోందని ఒకప్పుడు గమనించారు. వాళ్ళ రక్తంలో బీటా కెరోటిన్ ఎక్కువగా ఉంది. ఇంకేం, ఆ పసుపుపచ్చ పదార్థమే కాపాడుతోందనుకుని మాత్రలు చేశారు. ఫిన్లాండ్‌లో సిగరెట్ తాగే మగవాళ్ళను 29,133 మందిని తీసుకుని, వాళ్ళలో కొందరికి రోజుకి 20 మిల్లీగ్రాముల బీటా కెరోటిన్ చొప్పున ఏళ్ళ తరబడి ఇచ్చారు. 1994లో ఫలితం వచ్చింది. మాత్ర వేసుకున్నవాళ్ళలో ఊపిరితిత్తుల క్యాన్సర్ 18 శాతం ఎక్కువగా కనబడింది! అప్పటికి అమెరికాలో అలాంటిదే ఇంకో పెద్ద ప్రయోగం నడుస్తోంది. అందులో సిగరెట్ తాగేవాళ్ళతో పాటు ఆస్బెస్టాస్ పనివాళ్ళూ ఉన్నారు. బీటా కెరోటిన్‌తో విటమిన్ ఏ కూడా కలిపి ఇస్తున్నారు. అక్కడ క్యాన్సర్ 28 శాతం ఎక్కువని తేలడంతో 1996 జనవరిలో గడువుకి ముందే మాత్రలు ఆపేశారు.

అంతమాత్రాన క్యారెట్ చెడ్డదైపోలేదు. క్యారెట్లో ఆ ఒక్క పదార్థమే కాదు, పీచుంది, ఇంకా వందల రకాల పదార్థాలున్నాయి. పైగా కూరగాయలు బాగా తినేవాళ్ళు తక్కిన అలవాట్లలోనూ కాస్త జాగ్రత్తగా ఉంటారు. అందులోంచి ఒక్క అణువుని పక్కకి లాగి, పళ్ళెంలో ఎప్పుడూ దొరకనంత మోతాదులో, పొగచూరిన ఊపిరితిత్తులున్నవాళ్ళకి ఇస్తే అది ఎదురు తిరిగింది. నేను ఈ పాఠం చెప్పిన ప్రతిసారీ క్లాసులో ఎవరో ఒకరు, "మరి యాంటీ ఆక్సిడెంట్లు మంచివంటారు కదండీ" అని లేచేవారు. కణాలను పాడుచేసే చురుకైన అణువులను అణిచే పదార్థాలవి, బీటా కెరోటిన్ కూడా వాటిలో ఒకటి. పరీక్షనాళికలో మంచివే. ఏ పండులో ఎంత యాంటీ ఆక్సిడెంట్ బలం ఉందో అంకెలతో చూపే పట్టికను అమెరికా వ్యవసాయ శాఖ ఒకప్పుడు తన వెబ్‌సైటులో పెట్టింది. ఆ అంకెలకీ మన శరీరంలో జరిగేదానికీ పొంతన లేదని, కంపెనీలు వాటిని ప్రకటనలకు వాడుకుంటున్నాయని, 2012లో తనే తీసేసింది. డబ్బాల మీద ఆ అంకెలు ఇంకా కనబడితే నాకు నవ్వొస్తుంది.

ఇక పనిచేసేవాటి సంగతి. అన్నిటికన్నా గట్టి రుజువున్నవి చూడ్డానికి అతి సాదాగా ఉంటాయి. ఇసబ్‌గోల్ పొట్టు, ఓట్లు, బార్లీ లాంటివి. వీటిలోని పీచు నీళ్ళు తగలగానే జిగురుగా మారుతుంది. కొవ్వు అరగడానికి కాలేయం పంపిన పైత్యరసాన్ని ఆ జిగురు పేగులో పట్టుకుని బయటికి తీసుకుపోతుంది. మళ్ళీ పైత్యరసం తయారుచేసుకోవాలంటే కాలేయానికి కొలెస్టరాల్ కావాలి. దాన్ని రక్తంలోంచే లాక్కుంటుంది. అలా రక్తంలో చెడు కొలెస్టరాల్ కొంత దిగుతుంది. ఓట్లలోని బీటా గ్లూకాన్ అనే పీచు రోజుకి 3 గ్రాములైనా అందితే గుండెజబ్బు ముప్పు తగ్గవచ్చని ప్యాకెట్ మీద రాసుకోవడానికి అమెరికా ఆహార, ఔషధ నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ 1997లో ఒప్పుకుంది. మరుసటి ఏడాది ఇసబ్‌గోల్‌కీ ఆ మాట దక్కింది, దానిలో కరిగే పీచు రోజుకి 7 గ్రాములు ఉండాలన్న లెక్కతో. ఇంత రుజువున్న సరుకుని ఏ సినిమా తారా ఫోటో దిగి అమ్మదెందుకో మరి.

ఆ జిగురుతో ఒక జాగ్రత్త ఉంది. చెంచాడు చియా గింజలు గ్లాసు నీళ్ళలో వేసి అరగంట తర్వాత చూడండి. ఒక్కో గింజ చుట్టూ గాజులాంటి జిగురు పొర కట్టి, గ్లాసులో అడుగున ఉన్నది కాస్తా చిక్కబడి పైకి ఉబికి ఉంటుంది. తమ బరువుకి పది రెట్లకు పైగా నీళ్ళు పీల్చుకోగలవవి. 2014లో అమెరికా డాక్టర్లు ఒక కేసు చెప్పారు. ఒకాయన పొడి గింజలు చెంచాడు నోట్లో వేసుకుని వెంటనే నీళ్ళు తాగాడు. అవి అన్నవాహికలోనే ఉబ్బి అడ్డుపడ్డాయి, ట్యూబు వేసి ఆ అడ్డు తొలగించాల్సి వచ్చింది. కాబట్టి చియా ఏదైనా ముందు నానాలి, ఆ తర్వాతే గొంతు దిగాలి. ఇసబ్‌గోల్ అయితే నిండు గ్లాసు నీళ్ళతో గబగబా తాగేయాలి.

అవిసె గింజలకి తిప్పలు వేరు. వాటి తొడుగు ఎంత గట్టిదంటే, నమలకుండా మింగితే చాలావరకు ఎలా వెళ్ళినవి అలాగే బయటికొస్తాయి. పొడి కొట్టుకుంటేనే లోపలి ఒమేగా-3 నూనె అందుతుంది. అదీ చేపల్లో దొరికే రకం కాదు. శరీరం దాన్ని ఆ రకంగా మార్చుకోవాలి, మార్చుకోగలిగేది చాలా తక్కువ. అయినా పీచు కోసమైనా తినదగ్గవే.

వెల్లుల్లి విషయం నాకు భలే ఇష్టం. చెక్కుచెదరని రెబ్బని వాసన చూడండి, ఏమీ ఉండదు. నలిపితే ఘాటు తన్నుకొస్తుంది. లోపల వేర్వేరు గదుల్లో ఉన్న ఒక పదార్థమూ ఒక ఎంజైమూ నలిగినప్పుడే కలుసుకుని ఆ ఘాటుకి మూలమైన అల్లిసిన్ అనే పదార్థాన్ని పుట్టిస్తాయి. నలిపిన వెంటనే మరిగే నూనెలో పడేస్తే వేడికి ఎంజైము చచ్చిపోతుంది. పది నిమిషాలు పక్కన పెట్టి అప్పుడు వేస్తే ఆ పని కొంతైనా పూర్తవుతుంది. బీట్‌రూట్‌దీ ఇలాంటి కథే. అందులోని నైట్రేట్ రక్తంలోంచి లాలాజలంలోకి వస్తుంది. నాలుక మీదుండే బ్యాక్టీరియా దాన్ని నైట్రైట్‌గా మారుస్తుంది. అది లోపల నైట్రిక్ ఆక్సైడై రక్తనాళాలను సడలించి బీపీని కొద్దిగా దించుతుంది. క్రిములను చంపే మౌత్‌వాష్‌తో రోజూ పుక్కిలించేవాళ్ళకి ఆ బ్యాక్టీరియా చాలావరకు చచ్చిపోతుంది, బీట్‌రూట్ రసం తాగినా ఆ లాభం చాలావరకు పోతుంది.

పెద్దవాడా, నీ ఆకుపచ్చ పొడి స్పైరులినా అన్నావు కదూ. అది మొక్క కూడా కాదురా, నీళ్ళలో పెరిగే నీలి ఆకుపచ్చ బ్యాక్టీరియా. ఎండిన పొడిలో సగానికి పైగా ప్రొటీనే, అది నిజం. కానీ నువ్వు వేసుకునే పెద్ద చెంచాడు పొడి 7 గ్రాములు తూగుతుంది, అందులో ప్రొటీన్ 4 గ్రాములు. దానితో కండలు రావు. మాంసం, పాలు మానేసినవాళ్ళకి బీ12 ఇస్తుందని కూడా రాస్తుంటారు. అందులో ఉన్నదాంట్లో ఎక్కువ భాగం మన శరీరానికి పనికిరాని నకిలీ బీ12. దాన్ని నమ్ముకుని అసలు బీ12 మానేస్తే నరాలు దెబ్బతింటాయి. మునగాకు పొడి ప్రకటనల్లోనూ ఇలాంటి లెక్కల గారడీ ఉంటుంది. నీళ్ళన్నీ పోయిన పొడి వంద గ్రాములు, నీళ్ళతో నిండిన పచ్చి కూరో పండో వంద గ్రాములు పక్కపక్కన పెట్టి ఇన్ని రెట్లు అంటారు. వంద గ్రాముల పొడి ఎవరు తింటారు చెప్పు? మునగాకు మంచిదే. దానిలోని ఐరన్ అందాలంటే పుల్లటి పండేదైనా జతగా తినాలి, తిన్న వెంటనే టీ తాగకూడదు.

నడిపిదానా, జుట్టు ఊడటానికి ఐరన్ తక్కువ కావడం, థైరాయిడ్, ఈమధ్య వచ్చిన పెద్ద జ్వరం, ఇలా చాలా కారణాలుంటాయి. ముందు రక్తపరీక్ష చేయించుకో. జుట్టు మాత్రల్లో తరచూ సెలీనియం కలుపుతారు. బ్రెజిల్ నట్స్‌లోనూ అది దండిగా ఉంటుంది. అది మోతాదు మించితే ఊడేది జుట్టే.

ఇక చిన్నవాడా. అశ్వగంధ మీద ప్రయోగాలు జరిగాయి. ఆందోళన తగ్గిందని, నిద్ర మెరుగైందని చాలావాటిలో కనబడింది. కానీ అవి కొద్దిమంది మీద, కొన్ని వారాలపాటు జరిగినవి. ఏళ్ళ తరబడి వేసుకుంటే ఏమవుతుందన్నదానికి సరైన పరీక్ష లేదు. థైరాయిడ్ హార్మోన్‌ని పెంచవచ్చు, అరుదుగా కాలేయాన్ని దెబ్బతీసింది, గర్భిణులు అసలు వాడకూడదు. డెన్మార్క్ 2023లో దాన్ని నిషేధించింది. అది కాస్త అతే కావచ్చు. అయినా నీ వయసులో, పరీక్షల ముందు, ఎవరి సలహా లేకుండా మొదలుపెట్టవద్దు. జ్ఞాపకశక్తికి జింకో అనే చెట్టు ఆకు సారం మంచిదని ఇంకెవరో చెప్పారన్నావు. 75 ఏళ్ళు దాటినవాళ్ళను మూడు వేలమందికి పైగా తీసుకుని, సుమారు ఆరేళ్ళపాటు చూసిన ప్రయోగం 2008లో వెలువడింది. మతిమరుపు జబ్బుని అది ఆపలేదు.

మొక్కల్లో సత్తా లేదని నేననడం లేదు. చైనా శాస్త్రవేత్త టూ యూయూ పాత వైద్య గ్రంథంలో ఒక మాట పట్టుకుని, ఒక మొక్క ఆకుని వేడి చేయకుండా సారం తీసి మలేరియా మందు ఆర్టెమిసినిన్ సాధించింది, 2015లో నోబెల్ అందుకుంది. ఫాక్స్‌గ్లోవ్ అనే పూలమొక్క ఆకు ఒళ్ళు నీరు పట్టే జబ్బుకి పనిచేస్తుందని 1785లోనే ఇంగ్లండ్ డాక్టరు విలియం విథరింగ్ రాశాడు, గుండె బలహీనపడితే వచ్చేదే ఆ నీరు చాలాసార్లు. అదే ఆకు కొంచెం ఎక్కువైతే గుండె ఆగుతుంది. దిగులుకి వాడే సెయింట్ జాన్స్ వర్ట్ అనే మూలిక నిజంగానే కొందరికి పనిచేస్తుంది. అది కాలేయాన్ని ఎంత చురుగ్గా చేస్తుందంటే, గర్భనిరోధక మాత్రలు, అవయవ మార్పిడి చేసుకున్నవాళ్ళ మందులు కూడా వేగంగా కొట్టుకుపోతాయి. గుండె మార్పిడి జరిగినవాళ్ళలో కొత్త గుండెని శరీరం తిరస్కరించిన కేసులు 2000లో బయటపడ్డాయి. గ్రీన్ టీ కూడా అంతే. కప్పులో తాగితే మంచిది. బరువు తగ్గే మాత్రల్లో దాని సారంలోని ఈజీసీజీ అనే పదార్థం రోజుకి 800 మిల్లీగ్రాములు, ఆపైన అయితే రక్తంలో కాలేయం ఎంజైములు పెరుగుతున్నాయని, అంటే కాలేయం దెబ్బతింటున్న గుర్తు కనబడుతోందని యూరప్ ఆహార భద్రతా సంస్థ 2018లో చెప్పింది.

డబ్బా కొనేముందు వెనకవైపు చదవండి. మొక్క శాస్త్రీయనామం, వాడింది వేరా ఆకా, ఒక్కో మాత్రలో ఎన్ని మిల్లీగ్రాములు అన్నవి ఉండాలి. పది మొక్కల పేర్లు రాసి మొత్తం బరువు ఒక్కటే ఇచ్చి, దేనిది ఎంతో దాచేస్తే ఆ డబ్బా అక్కడే పెట్టేయండి. 1990ల మొదట్లో బెల్జియంలో బరువు తగ్గించే మాత్రల్లో ఒక చైనా మూలిక బదులు, పేరు దగ్గరగా ఉన్న అరిస్టోలోకియా జాతి మొక్క కలిసిపోయింది. వందమంది దాకా ఆడవాళ్ళ కిడ్నీలు పాడయ్యాయి. కొందరికి తర్వాత మూత్రనాళాల్లో క్యాన్సర్ వచ్చింది. అమెరికాలో అయితే 1994 చట్టం ప్రకారం ఇలాంటివి పనిచేస్తాయని ముందుగా రుజువు చూపించకుండానే అమ్ముకోవచ్చు.

ఒకటి మాత్రం మరిచిపోవద్దు. డాక్టరు "ఏమేం మందులు వాడుతున్నారు" అనడిగితే ఈ పొడులూ మాత్రలూ కూడా చెప్పండి, అడక్కపోయినా చెప్పండి. ఆపరేషన్ అంటే మరీ ముఖ్యం. వెల్లుల్లి, జింకో, జిన్సెంగ్ మాత్రలు రక్తం గడ్డకట్టడంలో తేడా తెస్తాయని చాలామంది మత్తు డాక్టర్లు రెండు వారాల ముందే ఆపమంటారు.

ఆశీస్సులతో,
మీ అమ్మమ్మ