వంశధార ఇసుకలోంచి సిలికాన్

ఒడిశాలోని గుణుపురం దగ్గర వంశధార నదిలోంచి గుప్పెడు ఇసుక తెచ్చి, ఆరబెట్టి, తెల్ల కాగితం మీద పల్చగా పరవండి. గాజుముక్కల్లా మెరిసేవి పలుగురాయి రేణువులు. మధ్యమధ్య దానిమ్మ గింజ రంగులో కనిపించేవి గార్నెట్‌లు, తూర్పు కనుమల ఖొండలైట్ రాయి అరిగి ఏట్లోకి చేరినవి. కాగితం కింద అయస్కాంతం జరిపితే నల్లటివి కొన్ని ముళ్ళలా లేచి నిలబడతాయి. అది ఇనుప ఖనిజం.

మనకు కావలసింది పలుగురాయి. దాని బరువులో దాదాపు 47 శాతం సిలికానే. అంత ఉన్నా ఊరికే రాదు, ఆక్సిజన్ దాన్ని గట్టిగా పట్టుకుని ఉంటుంది. ఆ పట్టు విడిపించాలంటే ఆక్సిజన్ మీద ఇంకా ఎక్కువ ఆశ ఉన్న లోహం కావాలి. మెగ్నీషియం అలాంటిది.

డిగ్రీ ల్యాబ్‌లో మొదటిసారి చూసింది ఇప్పటికీ నా కళ్ళముందే ఉంది. మెత్తగా నూరి, బాగా ఎండబెట్టిన ఇసుకలో మెగ్నీషియం పొడి కలిపి, పరీక్షనాళిక అడుగున మంట పెట్టారు. కాసేపు ఏమీ లేదు. ఉన్నట్టుండి అడుగున నిప్పు రంగు పుట్టి పైకి పాకింది. మంట తీసేసినా ఆగలేదు, ఆ వేడి చర్యలోంచే పుడుతోంది. నాళిక పగిలింది. చల్లారిన ముద్దను పల్చటి హైడ్రోక్లోరిక్ ఆమ్లంలో వేస్తే నీటి మీద చిటచిటమని నిప్పురవ్వలు! కొంత మెగ్నీషియం సిలికాన్‌తోనే కలిసిపోతుంది. ఆమ్లం తగిలితే అందులోంచి సిలేన్ (సిలికాన్, హైడ్రోజన్ కలిసిన వాయువు) వచ్చి, గాలి సోకగానే అంటుకుంటుంది. అడుగున మిగిలిన గోధుమరంగు పొడే సిలికాన్. ఇంట్లో మాత్రం చేయకండి. ఇసుకలో కాస్త తడి ఉన్నా పేలుతుంది.

1824లో స్వీడన్ శాస్త్రవేత్త బెర్జీలియస్ సిలికాన్‌ని విడదీసిందీ ఒక లోహంతోనే. ఆయన వాడింది పొటాషియం.

ఇబ్బంది ఖర్చుతోనే. లెక్క ప్రకారం 60 గ్రాముల పలుగురాయికి 48 గ్రాములకు పైగా మెగ్నీషియం పోస్తే దక్కేది 28 గ్రాములు. ఆ మెగ్నీషియం తయారీకే బోలెడు ఇంధనం కావాలి. అందుకే ఫ్యాక్టరీల్లో బొగ్గు వాడతారు. మామూలు వేడికి బొగ్గు ఈ పని చేయలేదు. కరెంటు కొలిమిలో 2000 డిగ్రీల దాకా తీసుకెళ్తే మాత్రం అది ఆక్సిజన్‌ని లాక్కుని కార్బన్ మోనాక్సైడ్‌గా ఎగిరిపోతుంది, మళ్ళీ వెనక్కి కలిసే వీలుండదు. రాయగడ పక్కన తెరువలిలోని ఫెర్రో అల్లాయ్స్ (ఇనుము కలిసిన మిశ్రలోహాలు) కొలుములూ బొగ్గుతో ఆక్సిజన్‌ని లాగేసేవే. సిలికాన్ కొలిమిలో నది ఇసుక పోయరు, వాయువు పైకి పోయే సందులు పూడుకుపోతాయి. పలుగురాళ్ళు గడ్డలుగానే వేస్తారు.