టేపు ఒకరిది, గొంతు మరొకరిది: జిమ్మీ స్కాట్ ఆల్బమ్ ఎందుకు మాయమైంది?

పాడిన పాట మీద హక్కు గాయకుడిదా, కంపెనీదా అన్న గొడవ మళ్లీ రాజుకుంది. అమెరికన్ పాప్ గాయని టేలర్ స్విఫ్ట్ మొదటి ఆరు ఆల్బమ్‌ల మాస్టర్లు, అంటే అసలు రికార్డింగులు, 2019లో చేతులు మారాయి. 2025 మేలో ఆమె వాటిని కొనుక్కున్నారు. ఆమెకు ఆ స్తోమత ఉంది. జాజ్ గాయకుడు జిమ్మీ స్కాట్‌కు లేదు.

స్కాట్ క్లీవ్‌లాండ్ బాల్యం గురించీ, యుక్తవయసు మార్పులను అడ్డుకునే కాల్‌మన్ సిండ్రోమ్ అనే జన్యు లోపం వల్ల ముదరకుండా ఉండిపోయిన ఆ గొంతు గురించీ చాలామంది రాశారు. అసలు చూడాల్సింది 1962.

ఆ ఏడాది ప్రఖ్యాత గాయకుడు రే చార్ల్స్ తన సొంత లేబుల్ (రికార్డు కంపెనీ) టాంజరీన్ కోసం స్కాట్‌తో 'ఫాలింగ్ ఇన్ లవ్ ఈజ్ వండర్‌ఫుల్' చేయించారు. పియానో తానే వాయించారు. ఆర్కెస్ట్రా కూర్పు మార్టీ పైచ్, జెరాల్డ్ విల్సన్‌లది. స్కాట్ ఒక్కో మాటనూ తాళానికి వెనకబడేలా, ఊపిరి ఆగిపోతుందేమో అనిపించేంత నెమ్మదిగా పాడారు. ఆయన పాడినవాటిలో దీన్ని మించింది లేదని నా నమ్మకం.

రికార్డు బజారులోకి వచ్చిన కొద్ది వారాలకే వెనక్కి పోయింది. సవాయ్ రికార్డ్స్ అనే మరో కంపెనీ యజమాని హెర్మన్ లుబిన్స్కీ అడ్డుపడ్డారు. 1950ల మధ్యలో స్కాట్ తమకు సంతకం చేశారు, ఆ ఒప్పందం ఇంకా నడుస్తోంది, వేరే కంపెనీకి పాడకూడదు అన్నది ఆయన వాదన.

ఇక్కడే అసలు విషయం ఉంది. ఏబీసీ-పారామౌంట్ రికార్డు కంపెనీతో బేరమాడి తన మాస్టర్లు తనకే దక్కేలా చూసుకున్న మనిషి రే చార్ల్స్. ఆయన పరపతి కూడా స్కాట్‌ను కాపాడలేకపోయింది. టేపు ఆయన చేతిలోనే ఉంది, ఆ గొంతు మాత్రం సవాయ్ కాగితంలో ఇరుక్కుపోయింది.

1969లో అట్లాంటిక్ అనే కంపెనీ కోసం పాడిన 'ద సోర్స్' ఆల్బమ్‌కూ సవాయ్ నుంచి ఇదే అడ్డంకి. స్కాట్ క్లీవ్‌లాండ్‌లో హోటల్ ఉద్యోగం చేసుకుంటూ బతికారు. అంతకుముందు జాజ్ సంగీతకారుడు లయనెల్ హాంప్టన్ బృందంతో పాడగా 1950లో హిట్టయిన రికార్డు మీద ఆయన పేరే వేయలేదు. అంటే ఆయన గొంతును వాడుకోవడం సవాయ్‌తో మొదలైంది కాదు.

1991లో గీతరచయిత డాక్ పోమస్ అంత్యక్రియల్లో స్కాట్ పాడినప్పుడు సైర్ రికార్డ్స్ అధినేత సీమూర్ స్టైన్ విని, ఆయనతో ఒప్పందం చేసుకున్నారు. 1962 నాటి ఆల్బమ్ మాత్రం 2002లో గానీ మళ్లీ రాలేదు. అప్పటికి స్కాట్‌కు 77 ఏళ్లు.

ఇవాళ్టి చర్చంతా మాస్టర్ల చుట్టూనే తిరుగుతోంది. గాయకుడిని ఎన్నేళ్లు కట్టిపడేయవచ్చన్న ప్రశ్న పక్కకు పోతోంది. స్విఫ్ట్ పాత పాటలను మళ్లీ పాడి విడుదల చేశాక, పెద్ద లేబుళ్లు కొత్త ఒప్పందాల్లో అలా మళ్లీ రికార్డు చేయకుండా 10 నుంచి 30 ఏళ్ల దాకా నిషేధం అడుగుతున్నాయని 2023లో వార్తలు వచ్చాయి. ముందు తేలాల్సింది ఆ షరతు సంగతే.