ముందు శంకుస్థాపన, తర్వాత అనుమతి: పర్యావరణ నిబంధనలు నడిచిన దారి

పెద్ద ప్రాజెక్టుల అనుమతుల విధానాన్ని సంస్కరించాలనే మాట ఏ ప్రభుత్వం వచ్చినా వినిపిస్తూనే ఉంటుంది. ఎప్పుడూ చెప్పే కారణం ఆలస్యం. ముంపు గ్రామాల వాళ్ల మాట ఏ దశలో వినాలన్న ప్రశ్నను మాత్రం ఎవరూ పట్టించుకోలేదు. అసలు చిక్కు అక్కడే ఉంది.

భోపాల్ విషాదం తర్వాత 1986లో పర్యావరణ పరిరక్షణ చట్టం వచ్చింది. దాని కింద 1994 జనవరి 27న తొలి ఈఐఏ (పర్యావరణ ప్రభావ అంచనా) నోటిఫికేషన్ వెలువడింది. ప్రజాభిప్రాయ సేకరణ తప్పనిసరి అయింది మాత్రం 1997లో.

ఆ నిబంధనకు పెద్ద పరీక్ష పోలవరం. 2005 అక్టోబర్‌లో పర్యావరణ అనుమతి వచ్చింది. ముంపు ఒడిశా, ఛత్తీస్‌గఢ్‌లలోనూ ఉన్నా అక్కడ ప్రజాభిప్రాయ సేకరణ జరపలేదు. ఆ కారణంతోనే 2007 డిసెంబర్‌లో జాతీయ పర్యావరణ అప్పిలేట్ అథారిటీ అనుమతిని కొట్టేసింది. ఆ ఉత్తర్వును హైకోర్టు నిలిపేసింది. 2011లో కేంద్ర పర్యావరణ శాఖే పనులు ఆపమని ఆదేశించి, తర్వాత ఆ ఆదేశాన్ని పక్కన పెడుతూ గడువు మీద గడువు పొడిగించుకుంటూ వచ్చింది.

ఈలోగా 2006 సెప్టెంబర్ 14న కొత్త నోటిఫికేషన్ వచ్చింది. ఎ కేటగిరీ ప్రాజెక్టులు కేంద్రానికి, బి కేటగిరీవి రాష్ట్ర స్థాయి అథారిటీలకు వెళ్లాయి. నిపుణుల కమిటీకి 60 రోజులు, తుది నిర్ణయానికి మరో 45 రోజులు గడువు పెట్టారు. ఫైలుకు గడువు పెట్టడం మంచి పనే. కానీ అధ్యయనంలో ఏమేం చూడాలో తేల్చే దశలో ఊరివాళ్లకు చోటివ్వలేదు. సర్వే అయ్యి, డిజైన్ అయ్యి, ముసాయిదా నివేదిక తయారయ్యాకే కాలుష్య నియంత్రణ మండలి 30 రోజుల నోటీసుతో ప్రజాభిప్రాయ సేకరణ సభ పెడుతుంది. షామియానా కింద కలెక్టరో, ఆయన తరఫు అధికారో కూర్చుంటారు. వందల పేజీల నివేదిక సాధారణంగా ఇంగ్లిష్‌లోనే ఉంటుంది, రైతు చేతికి తెలుగులో దొరికేది సారాంశం. అది చదివి, మైకు ముందు నిలబడి, తన చెరువు సంగతి ఆ నివేదికలో లేదని ఆయన చెప్పాలి. అప్పటికి ప్రాజెక్టు ఎక్కడ కట్టాలో ఖరారైపోయి ఉంటుంది.

కాళేశ్వరంలో ఈ వరస పూర్తిగా తలకిందులైంది. 2016 మేలో శంకుస్థాపన, 2017 డిసెంబర్‌లో అనుమతి. అప్పటిదాకా జరిగిన పనులు తాగునీటి కోసమేనని తెలంగాణ ప్రభుత్వం వాదించింది. జాతీయ హరిత ట్రిబ్యునల్ (ఎన్‌జీటీ) ఒప్పుకోలేదు. పనులు మొదలయ్యాక అనుమతి తీసుకోవడం ఉల్లంఘనేనని 2020 అక్టోబర్‌లో తేల్చింది. కానీ అప్పటికే మేడిగడ్డ బ్యారేజీ కట్టేశారు.

అదే ఏడాది మే 7న విశాఖలోని ఎల్జీ పాలిమర్స్ నుంచి స్టైరిన్ ఆవిరి లీకై 12 మంది చనిపోయారు. తమకు చెల్లుబాటయ్యే పర్యావరణ అనుమతి లేదని ఆ కంపెనీయే 2019లో అఫిడవిట్ ఇచ్చింది. ఆ సమయానికి ప్రజల ముందున్న 2020 ఈఐఏ నోటిఫికేషన్ ముసాయిదా, అనుమతి లేకుండా నడిచే ప్రాజెక్టులకు తర్వాత అనుమతి ఇచ్చే దారిని ప్రతిపాదించింది. నోటీసును 30 నుంచి 20 రోజులకు కుదించాలని కూడా అంది. ముసాయిదాను ఎనిమిదో షెడ్యూలులోని భాషల్లోకి అనువదించాలని ఢిల్లీ హైకోర్టు చెప్పాల్సి వచ్చింది. అది తుదిరూపం దాల్చలేదు. అయితే ఆ దారి 2017 నోటిఫికేషన్‌తోనే మొదలైంది, 2021 ఉత్తర్వుతో కొనసాగింది.

వనశక్తి అనే స్వచ్ఛంద సంస్థ వేసిన కేసులో 2025 మే 16న సుప్రీంకోర్టు ఆ రెండింటినీ కొట్టేసింది. నవంబర్ 18న ముగ్గురు జడ్జిల ధర్మాసనం 2:1తో ఆ తీర్పును వెనక్కి తీసుకుంది. తీర్పు నిలిస్తే దాదాపు 20,000 కోట్ల రూపాయల ప్రభుత్వ నిర్మాణాలు కూల్చాల్సి వస్తుందని మెజారిటీ చెప్పింది. జస్టిస్ ఉజ్జల్ భుయాన్ విభేదించారు. ముందు కట్టేసి, ఇప్పుడెలా కూలుస్తామని అడిగే వాదన అలా అత్యున్నత న్యాయస్థానంలోనూ నెగ్గింది. కేసు మళ్లీ మొదటి నుంచి వినాలని ధర్మాసనం ఆదేశించింది.