నేల ఆరింది కదా, మెయిన్ వేసేద్దామా? వరద ఇళ్లలో కరెంటుపై అపోహలు - వాస్తవాలు

నేను విజయవాడలో ఇళ్ల వైరింగ్ పని చేస్తాను. 2024 సెప్టెంబరు 1న బుడమేరు వాగు పొంగి సింగ్ నగర్, పాయకాపురం, రాజరాజేశ్వరీపేట, వాంబే కాలనీ నీట మునిగాయి. అదే సమయంలో కృష్ణలో ప్రకాశం బ్యారేజీ దగ్గర ప్రవాహం 11 లక్షల క్యూసెక్కులు దాటింది. కొన్ని వీధుల్లో వారం గడిచినా నీళ్లు పోలేదు. నీళ్లు తీశాక ఆ ఇళ్లకు పనికి వెళ్తే ప్రతిచోటా దాదాపు అవే మాటలు వినిపించాయి.

నడుం లోతు నీళ్లున్నప్పుడు స్విచ్ జోలికి ఎవరూ పోరు. నేల కనిపించగానే ఆ భయం పోతుంది. పిల్లలు ఉక్కపోతకు ఏడుస్తుంటారు, ఫోన్లలో చార్జింగ్ ఉండదు, బురద కడగడానికి మోటారు ఆడాలి. ఆ తొందర ఎందుకో నాకు తెలుసు. కానీ ప్రాణం మీదికి వచ్చేది ఆ తొందరలోనే.

అపోహ: మా వీధిలో నీళ్లే లేవు, కావాలనే కరెంటు తీశారు.

ఒక ట్రాన్స్‌ఫార్మర్ మీద చాలా ఇళ్లుంటాయి, ఒక 11 కేవీ ఫీడర్ (సబ్‌స్టేషన్ నుంచి వచ్చే 11 వేల వోల్టుల లైను) మీద చాలా ట్రాన్స్‌ఫార్మర్లుంటాయి. మీ వీధి మెరక మీద ఉన్నా, అదే లైను మీద పల్లంలో ఉన్న ఇంట్లో మీటరు మునిగి ఉండొచ్చు. అందుకే ఒక్కో భాగం చూసుకుంటూ వదులుతారు.

అపోహ: మెయిన్ ఆఫ్ చేశాం, వీధిలోనూ కరెంటు లేదు, ఇక ఇంట్లో షాక్ ఎక్కడిది?

ఇన్వర్టర్ ఉంటే ఉంది. బయట కరెంటు పోగానే అది తనంతట తానే 230 వోల్టులు ఇవ్వడం మొదలుపెడుతుంది. మెయిన్ ఆఫ్‌లో ఉన్నా దాని లైన్లలో కరెంటు ఉంటుంది. నీళ్లు గుమ్మం దాకా రాకముందే ఇన్వర్టర్ ఆపి, దాని ప్లగ్ పీకేయాలి. అప్పటికే నీళ్లు చేరితే ఆ గదిలోకే వెళ్లొద్దు.

అపోహ: ఎంసీబీ ఉంది కదా, షాక్ కొడితే అదే పడిపోతుంది.

అన్నిటికన్నా నన్ను టెన్షన్ పెట్టే మాట ఇది. ఎంసీబీ అంటే కరెంటు హద్దు మీరితే తనంతట తానే పడిపోయే స్విచ్, అది ఉన్నది వైరును కాపాడటానికి. లోడు ఎక్కువైనా, షార్ట్ సర్క్యూట్ అయినా పడిపోతుంది. తడిసిన ఒంటికి నిరోధం వెయ్యి ఓమ్‌ల దాకా పడిపోవచ్చు. అప్పుడు 230 వోల్టులకు మనిషి గుండా పోయేది పావు ఆంపియర్ కూడా ఉండదు. 16 ఆంపియర్ల ఎంసీబీకి అదొక లెక్కే కాదు, కానీ మనిషి గుండె ఆగడానికి అది చాలు.

మనిషిని కాపాడేది ఆర్‌సీసీబీ అనే మరో రకం స్విచ్. ఫేజులో వెళ్లిన కరెంటు న్యూట్రల్‌లో తిరిగి రాకుండా 30 మిల్లీ ఆంపియర్లు ఎటైనా లీకైతే, కళ్లు మూసి తెరిచేలోపు సప్లై తెంచేస్తుంది. వరద తర్వాత చాలా ఇళ్లలో అది వేసిన వెంటనే పడిపోతుంటుంది. "ఇది పాడైపోయిందన్నా, తీసేసి డైరెక్ట్ ఇచ్చేయండి" అని అడుగుతారు. దయచేసి అలా అడగొద్దు, ఎవరైనా ఇస్తానన్నా ఒప్పుకోవద్దు. తడి గోడలోంచో, తడిసిన గీజర్‌లోంచో కరెంటు లీకవుతోందని అది చెబుతోంది. ఒక్కో లైను విడదీసి చూస్తే ఎక్కడ లీకవుతోందో దొరుకుతుంది. ఆర్‌సీసీబీయే మునిగిపోయి ఉంటే మాత్రం దాన్నీ, మునిగిన ఎంసీబీలనూ మార్చాల్సిందే. లోపలి స్ప్రింగుల్లో, కాంటాక్టుల్లో చేరిన బురదను ఎవరూ కడగలేరు.

అపోహ: రెండు రోజులు ఎండలో పెట్టాం, ఇక వేసుకోవచ్చు.

ఒక ఇంట్లో గోడ పొడిగా ఉంది, స్విచ్ బోర్డును గుడ్డతో శుభ్రంగా తుడిచారు. మరలు విప్పి ప్లేటు ముందుకు లాగగానే గోడ లోపలి పైపులోంచి బురద నీళ్లు బొటబొటా కారాయి. టెర్మినళ్ల మీద సన్నటి ఒండ్రు, రాగి తీగ కొసలకు పచ్చటి చిలుము. పైపు ఎటు వంగితే అటు నీళ్లు నిలుస్తాయి, గోడ ఆరినంత త్వరగా అవి ఆరవు. పైగా వచ్చింది వాన నీరు కాదు, డ్రైనేజీ కలిసిన నీరు. అందులోని లవణాలు ఆరాక కూడా తీగల మీదే ఉండిపోతాయి, కాస్త చెమ్మ తగిలితే కరెంటుకు దారి ఇస్తాయి.

అందుకే కంటితో చూసి చెప్పలేం, మెగ్గర్‌తో, అంటే వైరు తొడుగులోంచి కరెంటు లీకవుతుందేమో కొలిచే మీటరుతో, పరీక్షించాలి. 500 వోల్టుల పరీక్షలో ఒక మెగా ఓమ్ కన్నా తక్కువ చూపిస్తే ఆ లైనుకు సప్లై ఇవ్వకూడదు. టెస్టర్ వెలగలేదని ధైర్యం చేయడమూ తప్పే. మీరు చెక్క బల్ల మీద నిలబడితే ఫేజు ఉన్నా అది సరిగా వెలగకపోవచ్చు.

ఫ్రిజ్, వాషింగ్ మెషిన్, మిక్సీ లాంటివి మెకానిక్ విప్పి చూసేదాకా ప్లగ్ పెట్టొద్దు. చాలా మోటార్లను కడిగి, వేడి చేసి ఆరబెట్టి బతికించవచ్చు. తడి వైండింగ్‌కు ఒక్కసారి కరెంటు ఇస్తే కాలిపోతుంది.

అపోహ: జనరేటర్ వైరును ప్లగ్ పాయింట్‌లో గుచ్చితే ఇల్లంతా వెలుగుతుంది.

వెలుగుతుంది. మెయిన్ ఆఫ్‌లో లేకపోతే ఆ కరెంటు సర్వీసు వైరు మీదుగా స్తంభానికి, అక్కడి నుంచి ట్రాన్స్‌ఫార్మర్‌కు వెనక్కి పోతుంది. 11 వేల వోల్టులను తగ్గించే ట్రాన్స్‌ఫార్మరే అప్పుడు మీ 230ని పైకి పెంచుతుంది. లైను ఆపేశారన్న నమ్మకంతో స్తంభం మీద పని చేస్తున్న లైన్‌మన్ ఏమవుతాడో ఆలోచించండి. ఛేంజ్ ఓవర్ స్విచ్ (బయటి కరెంటు, జనరేటర్ రెండిట్లో ఒక్కదాన్నే ఇంటికి కలిపే స్విచ్) లేకుండా ఇంటి వైరింగ్‌కు జనరేటర్ కలపనే కూడదు. కావాలంటే రెండు లైట్లు, ఒక ఫ్యాన్ నేరుగా దానికే తగిలించుకోండి. జనరేటర్ మాత్రం ఆరుబయటే ఉండాలి. వరండాలో పెట్టినా పొగ లోపలికి వస్తుంది, ఆ పొగలో వాసన లేని విషవాయువు ఉంటుంది.

అపోహ: కుళాయి వచ్చింది, ఆర్‌ఓ ఉంది, నీళ్లు తాగొచ్చు.

కరెంటు లేక పంపింగ్ ఆగితే పైపుల్లో ఒత్తిడి పడిపోతుంది, లీకులున్న చోట బయటి మురుగు లోపలికి చేరుతుంది. అందుకే మొదట వచ్చే నీళ్లు వదిలేయాలి. పటిక వేస్తే మట్టి అడుగుకు దిగుతుంది, క్రిములు చావవు. మరగడం మొదలయ్యాక మరో నిమిషం పొయ్యి మీద ఉంచండి, లేదా క్లోరిన్ బిళ్ల వేసి అరగంట ఆగండి. నీట మునిగిన ఆర్‌ఓ మెషిన్‌లో ఫిల్టర్లు, మెంబ్రేన్ పారేయాల్సిందే. సంపు కడగడానికి దిగేముందు మోటారు సప్లై తీసేయండి, మూత తెరిచి బాగా గాలి ఆడనివ్వండి, ఒంటరిగా దిగొద్దు.

మీటరు, సర్వీసు వైరు మునిగితే మీరుగానీ మేముగానీ ముట్టుకోకూడదు. అది కరెంటు ఆఫీసు పని, 1912కు ఫోన్ చేయండి. తెగిపడిన తీగ కనిపించినా అదే నంబరు.

కొత్తగా వైరింగ్ చేయించుకునేవాళ్లు కింది అంతస్తుకు, పై అంతస్తుకు లైన్లు వేరు చేయించండి. కింద మునిగినా పైన చిక్కుకున్నవాళ్లకు ఫ్యాను, ఫోన్ చార్జింగ్ ఇవ్వొచ్చా అన్నది కనీసం చూడటానికి వీలుంటుంది. గోడ మీద 2024 నీటి గీత కనబడుతూనే ఉంటే బోర్డులు, ఇన్వర్టర్ దానికి పైన పెట్టించండి. పని జరుగుతున్నప్పుడే చెబితే అదనంగా అయ్యేది కాస్త వైరు, పైపు, ఇంకో ఎంసీబీ బాక్సు ఖర్చే.