సివిక్స్ క్లాసులో ప్రతి ఆదివారం వినే అపోహలు, అసలు సంగతులు

డాలస్ శివార్లలో ఒక లైబ్రరీ గదిలో ఆదివారాలు అమెరికా సిటిజన్‌షిప్ పరీక్షకి చదివిస్తుంటాను. వచ్చేవాళ్లలో సగం మంది పిల్లల దగ్గరికి వచ్చి స్థిరపడ్డ మన అమ్మానాన్నలే. 2025 అక్టోబర్ 20 నుంచి దరఖాస్తు పెట్టినవాళ్లకి సివిక్స్, అంటే అమెరికా ప్రభుత్వం, చరిత్ర మీద 128 ప్రశ్నలు చదవాలి, అడిగే 20లో 12 కరెక్ట్ కావాలి. అయినా బట్టీ పట్టేస్తారు, దాని గురించి నాకు టెన్షన్ లేదు. జవాబు అక్షరం పొల్లు పోకుండా చెప్పి, అర్థం మాత్రం తలకిందులుగా ఇంటికి మోసుకెళ్తారే, అదీ నా బాధ.

అపోహ: హక్కులన్నీ సిటిజన్లకే, గ్రీన్ కార్డు వాళ్లం నోరు మూసుకుని ఉండాలి.

ఇది ఎక్కడ నుంచి వచ్చిందో ఊహించగలను. భారత రాజ్యాంగంలో మాట్లాడే స్వేచ్ఛ ఉన్న 19వ అధికరణ పౌరులకే, 14, 21 అధికరణలు మాత్రం ఏ వ్యక్తికైనా. స్కూల్లో చదివింది మనసులో ఉండిపోయి, ఇక్కడా అంతే అనుకుంటారు. అమెరికా రాజ్యాంగం మొదటి సవరణలో పౌరుడు అన్న మాటే లేదు. మతం, మాట, పత్రికలు, సభలు, అర్జీలు, వీటికి అడ్డుపడే చట్టం కాంగ్రెస్ (అమెరికా పార్లమెంటు) చేయకూడదు, అంతే. అంటే అది మనకి ఏదో దానం చేసిన కాగితం కాదు, ప్రభుత్వం చేతులు కట్టిన కాగితం. ఈ ఒక్కటి పట్టుకుంటే మిగతావి చాలావరకు వాటంతటవే విడిపోతాయి. 5వ సవరణ, 1868 నాటి 14వ సవరణ కూడా సరైన విచారణ లేకుండా ఏ ‘వ్యక్తి’ ప్రాణాన్నీ, స్వేచ్ఛనీ, ఆస్తినీ లాక్కోకూడదు అంటాయి.

క్లాసులో యిక్ వో కేసు కథ చెబుతాను. శాన్‌ఫ్రాన్సిస్కోలో చెక్క భవనంలో లాండ్రీ నడపాలంటే పర్మిట్ కావాలన్నారు, పైకి అందరికీ ఒకటే రూలు, కానీ అడిగిన చైనా వాళ్లకి ఇవ్వలేదు, మిగతావాళ్లకి ఒక్కరికి తప్ప అందరికీ ఇచ్చారు. ఆ చైనా వాళ్లకి అప్పట్లో పౌరసత్వం వచ్చే దారే లేదు. అయినా 1886లో సుప్రీంకోర్టు 14వ సవరణ పౌరులకే పరిమితం కాదని తేల్చి, ఆ వివక్ష చెల్లదంది.

ఇది విని మరీ ధైర్యం తెచ్చుకోకండి. గ్రీన్ కార్డు, వీసా వాళ్ల మాట స్వేచ్ఛకీ ఇమిగ్రేషన్ చట్టానికీ మధ్య గీత ఎక్కడన్నది కోర్టుల్లో ఇంకా నలుగుతూనే ఉంది. 18 దాటినవాళ్లు గ్రీన్ కార్డు జేబులో పెట్టుకునే తిరగాలి, అది చట్టం. సిటిజన్లకి మాత్రమే ఉన్నవీ ఉన్నాయి: ఫెడరల్ (దేశ స్థాయి) ఎన్నికల్లో ఓటు, ఫెడరల్ కోర్టుల్లో జ్యూరీ, అమెరికా పాస్‌పోర్టు. డ్రైవింగ్ లైసెన్స్ ఫారంలో ఓటరుగా నమోదు చేసుకుంటారా అన్న గడి ఉంటుంది, కౌంటర్ దగ్గర హడావిడిలో అన్నిటికీ ‘ఎస్’ కొట్టేసే అలవాటు మనవాళ్లది. సిటిజన్ కాకుండా అక్కడ టిక్ పెట్టడం చిన్న పొరపాటు అనుకోవద్దు. తర్వాత సిటిజన్‌షిప్ దరఖాస్తులో ఎప్పుడైనా ఓటుకి నమోదయ్యారా అని అడుగుతారు, పౌరులమని అబద్ధం చెప్పారన్న మచ్చ పడితే గ్రీన్ కార్డుకే ఎసరు. అలాంటిది జరిగి ఉంటే నన్ను అడగొద్దు, ముందు లాయర్‌ని కలవండి.

అపోహ: ఓటు హక్కు రాజ్యాంగం మొదటి నుంచీ ఇచ్చింది.

1787లో ఫిలడెల్ఫియాలో రాసిన రాజ్యాంగంలో అందరికీ ఓటు అన్న వాక్యం వెతికినా దొరకదు. జాతి కారణంగా ఆపకూడదని 1870లో, ఆడవాళ్లని ఆపకూడదని 1920లో, 18 నిండితే వయసు పేరుతో ఆపకూడదని 1971లో సవరణలు వచ్చాయి. చూశారుగా, ఇక్కడా ‘ఇస్తున్నాం’ అని లేదు, ‘ఆపకూడదు’ అనే. అన్నట్టు ‘జీవితం, స్వేచ్ఛ, ఆనందాన్ని వెతుక్కోవడం’ రాజ్యాంగంలోది అనుకునేవాళ్లు క్లాసుకి ఇద్దరైనా ఉంటారు, అది 1776 స్వాతంత్ర్య ప్రకటనలోది.

అపోహ: ఫేస్‌బుక్ నా పోస్టు తీసేసింది, మొదటి సవరణ ఉల్లంఘన!

కాదండీ. అది ప్రైవేటు కంపెనీ, మొదటి సవరణ కట్టేది ప్రభుత్వం చేతుల్నే.

అపోహ: ప్రెసిడెంట్ సంతకం పెడితే ఇక తిరుగు లేదు.

ఎగ్జిక్యూటివ్ ఆర్డర్ (ప్రెసిడెంట్ సంతకంతో వచ్చే ఉత్తర్వు) వచ్చిన ప్రతిసారీ వాట్సాప్‌లో రాత్రికి రాత్రి పిడుగు పడినట్టు మెసేజీలు. చట్టం చేసేది కాంగ్రెస్. ఆర్డర్‌కి ఏదో ఒక చట్టమో రాజ్యాంగమో ఆధారం ఉండాలి. 1952లో కొరియా యుద్ధం నడుస్తుండగా, సమ్మె ముంచుకొస్తోందని అప్పటి ప్రెసిడెంట్ ట్రూమన్ ఉక్కు కర్మాగారాలని స్వాధీనం చేసుకుంటే, సుప్రీంకోర్టు 6-3తో ఆ అధికారం నీకు లేదంది, ఆయన వెనక్కిచ్చేశాడు. ఆర్డర్లు ఊరికే కాగితాలని కాదు, కోర్టు ఆపేలోపు మన వీసా అపాయింట్‌మెంట్ మీద దెబ్బ పడొచ్చు. అది వేరే బాధ.

అపోహ: పుట్టుకతో కాక, ప్రమాణం చేసి అయిన సిటిజన్ రెండో రకం సిటిజన్.

ప్రెసిడెంట్, వైస్ ప్రెసిడెంట్ పదవులు తప్ప మిగతా హక్కుల్లో తేడా లేదు. ఈ భయానికి మాత్రం చరిత్ర ఉంది. మొదటి ప్రపంచ యుద్ధంలో అమెరికా సైన్యంలో పనిచేసిన భగత్ సింగ్ థింద్ కేసులో 1923లో సుప్రీంకోర్టు భారతీయులు ‘తెల్లవాళ్లు’ కారు, పౌరసత్వానికి పనికిరారు అంది, ఆ తీర్పుతో అంతకుముందే సిటిజన్లైన కొందరు భారతీయులకీ పౌరసత్వం పోయింది. 1946లో చట్టం మారాకే మళ్లీ తలుపు తెరుచుకుంది. పదేళ్లకే, 1956లో, అలా సిటిజన్ అయిన దలీప్ సింగ్ సౌంద్ కాలిఫోర్నియా నుంచి కాంగ్రెస్‌కి ఎన్నికయ్యాడు. మన ఇష్టం లేకుండా పౌరసత్వం లాక్కోలేరని 1967లో అఫ్రోయిమ్ కేసులో కోర్టు చెప్పింది. మోసం చేసి తెచ్చుకున్నదైతే రద్దు చేయొచ్చు, దరఖాస్తులో నిజాలు రాయమని నేను విసిగించేది అందుకే.

ఇక అందరూ మొహమాటపడే ప్రశ్న, ఇంగ్లీషు రాకపోతే ఈ పరీక్షకి దారే లేదా అని. ఉంది. 50 ఏళ్లు నిండి 20 ఏళ్లుగా గ్రీన్ కార్డు ఉన్నా, 55 నిండి 15 ఏళ్లుగా ఉన్నా ఇంగ్లీషు పరీక్ష అక్కర్లేదు, సివిక్స్ తెలుగులోనే చెప్పొచ్చు, దుభాషిని మాత్రం మనమే వెంట తీసుకెళ్లాలి. 65 దాటి 20 ఏళ్ల గ్రీన్ కార్డు ఉంటే చదవాల్సిన ప్రశ్నలు కూడా 20కి తగ్గుతాయి. కాబట్టి అమ్మని వచ్చే ఆదివారం పంపించండి.